అర్థం కాని మాటకు రూపాయి



మన ఆలేరులో తహసీల్దారు ఆఫీసు, బ్యాంకులు, మున్సిపాలిటీ, కరెంటు ఆఫీసు, ఎక్కడైనా సరే, జనం వచ్చి నిలబడే కిటికీ పక్కన ఒక రేకు డబ్బా పెట్టాలని ఈ ప్రసంగంలో అడగబోతున్నాను. ఎదుటి మనిషికి తెలియని ఆఫీసు మాట ఉద్యోగి నోట వచ్చి, దాని అర్థం అక్కడికక్కడే చెప్పకపోతే, ఆ ఉద్యోగి డబ్బాలో ఒక రూపాయి వేయాలి. నెలాఖరుకు పోగైన డబ్బుతో, అదే ఆఫీసు పని మీద పల్లెల నుంచి వచ్చి పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చునే ముసలివాళ్లకు మధ్యాహ్నం అన్నం పెట్టాలి. పశ్చిమ దేశాల ఆఫీసుల్లో బూతు మాట్లాడినవాళ్ల చేత ఇట్లాగే డబ్బాలో చిల్లర వేయించి, దాన్ని ధర్మానికి ఇచ్చే అలవాటు ఉంది. తర్వాత కొన్నిచోట్ల అదే డబ్బాను ఆఫీసు పరిభాషకూ పెట్టారు. ఆ పద్ధతి వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరమని నా నమ్మకం. అక్కడ ఆ మాటలు ఎక్కువగా ఉద్యోగులు తమలో తాము వాడుకునేవి. ఇక్కడ అవి నేరుగా పేదవాళ్ల పింఛను మీద, పట్టా మీద పడుతున్నాయి.

బ్యాంకుల్లో తరచూ వినబడే సంభాషణ ఒకటి చెప్తాను. కొలనుపాక వైపు నుంచి ఆటోలో వచ్చిన ఒక అవ్వ పాసుబుక్కు కిటికీలోంచి లోపలికి తోస్తుంది.

"సారూ, గ్యాసు పైసలు పడ్డయా?"

"ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కాలేదమ్మా. ఆధార్ సీడింగ్ చేయించుకో."

"గదేడ చేపియ్యాలె బిడ్డా?"

"ఈకేవైసీ పెండింగ్ ఉంది. సర్వర్ డౌన్. రేపు రా."

అవ్వ పాసుబుక్కు కొంగులో చుట్టుకుని, బల్ల మీద కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ అడుగుతుంది. వాళ్లకూ తెలియదు. బయట జిరాక్సు షాపు పిల్లగాడిని అడుగుతుంది. అతనికి కొంత తెలుసు. ఆ కొంతకే యాభయ్యో వందో తీసుకుంటాడు. ఇంతకీ కిటికీ లోపలి ఉద్యోగి అబద్ధం చెప్పలేదు, కసురుకోనూ లేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. "అవ్వా, నీ ఆధార్ నంబరు మా బ్యాంకుకు జోడై లేదు. నీకు ఇంకో బ్యాంకుల ఖాతా ఉన్నదా? సర్కారు పైసలు ఆధార్ ఏ ఖాతాకు జోడైతే ఆ ఖాతాకే పోతయి. ఆ పుస్తకం తీస్కపోయి ఆడ ఎక్కించి చూడు." ఇది చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. ఇట్లాంటివాళ్లలో చాలామందికి డబ్బు పడే ఉంటుంది, వేరే బ్యాంకులో. ఎప్పుడో ఉపాధి పని కోసం తెరిచిన ఖాతాలో, తాము మరిచిపోయిన ఖాతాలో. ఆ ఒక్క ముక్క తెలియక అవ్వ ఆటో చార్జీలు పెట్టుకుని మళ్లీ వస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. నా ఫిర్యాదు ఇంగ్లీషు మీద కాదు. బస్సు, టికెట్టు, పాసుబుక్కు, ఫోను ఇవన్నీ మన మాటలే అయిపోయాయి. 2018లో రైతుబీమా వచ్చాక నామినీ అన్న మాట కూడా ఊరూరా నడుస్తోంది. మనిషి పోయాక ఇంటికి అయిదు లక్షలు ఎవరి పేరిట వస్తాయో తేల్చే మాట కాబట్టి జనం దాన్ని పట్టుకున్నారు. అట్లాగే నిజాం కాలం నుంచి వచ్చిన పహాణీ, కబ్జా, విరాసత్, ఫౌతీ, తరి, ఖుష్కి. ఇవేవీ తెలుగు పుట్టుక ఉన్నవి కావు. కానీ బడి మొహం చూడని రైతు కూడా 1954-55 నాటి ఖాస్రా పహాణీ గురించి పట్టుబట్టి మాట్లాడగలడు. ఆ పహాణీలో తన తాత పేరు ఏ కాలమ్‌లో ఉందో వేలు పెట్టి చూపగలడు.

2020 అక్టోబరు 29న భూరికార్డుల ధరణి పోర్టల్ మొదలయ్యాక ఆ రైతు ముందుకు కొత్త మాటలు వచ్చి నిలబడ్డాయి. వారసత్వానికి వాడే విరాసత్ సక్సెషన్ అయింది. ఆఫీసుకు పోవాలంటే స్లాట్ కావాలి. పాసుబుక్కులో తప్పు సరిదిద్దాలంటే టీఎం ముప్ఫయి మూడు పెట్టాల్సి వచ్చింది. టీఎం అంటే ఏమిటో పెట్టేవాడికి తెలిసేది కాదు, చాలాసార్లు పెట్టించేవాడికీ తెలిసేది కాదు. సాగు భూమిని ఇంటి స్థలంగా మార్చుకోవడానికి "నాలా కట్టాలె" అంటారు. వినేవాడికి నాలా అంటే మురికి కాలువ. తన జాగాలోంచి కాలువ తీస్తారేమోనని భయపడతాడు. ఇంకా పెద్ద దెబ్బ ఏమిటంటే, పాత పహాణీలో ఉండే సాగుదారు కాలమ్ కొత్త పోర్టల్లో లేకుండా పోయింది. మాట పోయినప్పుడు దాని వెంట ఉన్న హక్కు కూడా కంటికి కనబడకుండా పోతుంది. 2025లో భూభారతి చట్టం వచ్చింది. పోర్టల్ పేరు మారింది. కిటికీ దగ్గర మాట్లాడే తీరు మారిందా అన్నది మీమీ ఊళ్లలో మీరే చూసి తేల్చుకోవాలి.

అచ్చ తెలుగనో, సంస్కృతం కలిపిన తెలుగనో పెట్టుకుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. "నిరభ్యంతర పత్రము సమర్పించవలెను" అని గోడ మీద రాస్తే చదివినవాడు పక్కవాణ్ణి "అంటే ఎన్‌వోసీయేనా?" అని అడుగుతాడు. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన తెలిసిన మాట అయిపోదు. నా డబ్బాకు లెక్క ఒకటే: ఎదుట ఉన్న మనిషికి తెలిసిందా లేదా.

జనానికి కష్టమైన మాటలు నేర్చుకునే శక్తి లేదనుకునేవాళ్లు నల్లగొండ జిల్లా చరిత్ర చూడాలి. ఫ్లోరైడ్ అన్న మాట రసాయన శాస్త్రానిది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏ ముసలమ్మను అడిగినా చెప్తుంది, నీళ్లలో ఎంత దాటితే ఎముకలు వంగుతాయో. కాళ్లు వంకరపోయిన పిల్లలను చంకనెత్తుకుని నేర్చుకున్న మాట అది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదన్న లెక్క కూడా వాళ్లకు నోటికొచ్చు. దశాబ్దాల పాటు అర్జీలు పెట్టారు. వచ్చిన జవాబులన్నీ పథకాల పేర్లు, అంచనాలు, పరిశీలనలో ఉందన్న ముక్కలు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద గుంపులు గుంపులుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి బరిలో నిలిచినవాళ్లు 480 మంది. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు. కూలీనాలీ చేసుకునేవాళ్లు, తిరిగి రాదని తెలిసీ ఆ డబ్బు కట్టారు. బ్యాలెట్టును పుస్తకంలాగా అచ్చు వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను 10 వేల రూపాయలకు పెంచారు. ఆఫీసు భాషలో చెప్తే వినబడని సంగతిని దేశానికి వినిపించడానికి పేదవాళ్లు తమ జేబులోంచి తీసి ఇచ్చిన సొమ్ము అది. దాన్ని నేను చందా కిందే లెక్క వేస్తాను.

అసలు మన ప్రాంతంలో అర్థమయ్యే భాష కోసం జరిగిన పోరాటమూ, మంచి పనికి జనం దగ్గర చందా అడగడమూ మొదటినుంచీ కలిసే నడిచాయి. 1921లో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేశారు. మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది, ఆ తర్వాత ఆంధ్ర మహాసభ. కోర్టులో, కచేరీలో అంతా ఉర్దూ నడిచే రోజుల్లో తెలుగువాడు తన దావా కాగితం తనే చదువుకోలేకపోయేవాడు. 1944లో మనకు పక్కనే ఉన్న భువనగిరిలో మహాసభ జరిగినప్పుడు సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగు అణాలకు దిగింది. నాలుగు అణాలు కట్టినవాడు దొర ముందు నిలబడి "నేను సంఘపోణ్ణి" అని చెప్పుకోగలిగాడు. తెలిసే భాషలో మాట్లాడి, కట్టగలిగినంత అడిగితే ఎంతమంది కదులుతారో అప్పుడు తెలిసింది.

దానాల చరిత్రలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ కూడా ఇప్పటి మన జిల్లాలోనే ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. హరిజనవాడలో భూమి లేని 40 కుటుంబాలవాళ్లు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. 40 తరి, అంటే మాగాణి, 40 ఖుష్కి, అంటే మెట్ట. అడిగినదాంట్లో గజిబిజి ఏమీ లేదు. ఎంత, ఏ రకం, ఎవరికి. ప్రభుత్వం నుంచి రావడానికి ఎంత కాలం పడుతుందో తెలియదు, ఈ ఊళ్లో ఎవరైనా ఏమైనా చేయగలరా అని వినోబా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా మొదలైంది. ఆ సాయంత్రం అక్కడ లక్ష్యాలు, వ్యూహాలు, దశలవారీ ప్రణాళిక అని ఎవరైనా మొదలుపెట్టి ఉంటే రామచంద్రారెడ్డి లేచి నిలబడేవారా అని నాకు అనుమానం. తర్వాత 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది, బోర్డు నడిచింది, రికార్డులు పెరిగాయి. భూదానం భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న తగాదాలు నేటికీ కోర్టుల్లో నడుస్తున్నాయి. ఒక్క మాటతో ఇచ్చిన భూమి చేరాల్సినవాళ్లకు అందేలోపల ఎన్ని మాటలు అడ్డుపడ్డాయో ఆలోచించండి.

ఈ జబ్బు ఇవాళ ధర్మం చేసేవాళ్లకూ అంటుకుంది. దీన్ని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మంచి చట్టం. కానీ ఆ డబ్బు కావాలంటే మన ఊళ్లో పదేళ్లుగా పిల్లలకు సాయంత్రం చదువు చెప్తున్న మనిషి ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. అందులో బేస్‌లైన్ ఉండాలి, కెపాసిటీ బిల్డింగ్ ఉండాలి, స్టేక్‌హోల్డర్లు, డెలివరబుల్స్, సస్టైనబిలిటీ ఉండాలి. పిల్లలను పిల్లలని రాస్తే కుదరదు, బెనిఫిషరీస్ అనాలి. ఆ భాష వచ్చినవాళ్లు డబ్బు తెచ్చుకుంటారు, పని వచ్చినవాళ్లు వెనకబడతారు. తెచ్చుకున్నవాళ్లు ఊళ్లో మీటింగు పెట్టి అదే భాషలో మాట్లాడతారు. జనం తలలూపుతారు, సంతకాలు పెడతారు, టిఫిను పొట్లాలు తీసుకుని వెళ్లిపోతారు. తమ పేరు మీద ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో వాళ్లకు తెలిసే దారి లేదు. అర్థం కాని లెక్క చూపించడమూ, లెక్క చూపించకపోవడమూ నా దృష్టిలో ఒకటే. అందుకే చందాలు వసూలు చేసే సంస్థల మీటింగుల్లో కూడా ఆ డబ్బా ఉండాలి. అక్కడ రూపాయి కాదు, పది రూపాయలు పెట్టినా తప్పులేదు.

జరిమానా అన్న మాట వినగానే కొందరికి మనసు ఒప్పదు. నాకూ ఒక భయం ఉంది, చెప్తాను. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడారని చిన్న పిల్లల మెడలో "నేను తెలుగు మాట్లాడను" అని రాసిన పలకలు వేలాడదీశారు. తెలుగు మాట్లాడితే పిల్లల దగ్గర డబ్బులు వసూలు చేసిన బడులు కూడా మనకు కొత్త కాదు. మాట మీద వేసే జరిమానా బలహీనుడి మీద పడితే అది క్రూరత్వమే. కాబట్టి డబ్బాకు మొదటి కట్టుబాటు ఇది: పని మీద వచ్చినవాళ్లు, పిల్లలు, అటెండర్లు, పొద్దున ఊడ్చే అక్కలు ఏ మాట మాట్లాడినా వాళ్లు వేయక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్లే వేయాలి, కుర్చీ ఎంత పెద్దదైతే రూపాయలు అంత పెరగాలి.

అర్థం వివరంగా చెప్పినవాళ్లకు జరిమానా లేదు. "ఈకేవైసీ అంటే ఏం లేదవ్వా, నీ వేలిముద్ర పెట్టి ఇది నువ్వేనని చూసుకునుడు" అని చెప్తే ఆ మాట ఇక ఆమెది కూడా అవుతుంది. రేపు పక్కింటావిడకు ఆమే చెప్తుంది. వాడరాదని కాదు, వాడి వదిలేయరాదని. తప్పు పట్టుకునే హక్కు మాత్రం ఎదుట నిలబడ్డవాళ్లకే ఉండాలి. ఉద్యోగులు ఒకరినొకరు పట్టుకుంటే అది ఆటగా మారి నాలుగు రోజుల్లో మూలపడుతుంది. అవ్వ నోరు తెరిచి "గదేంది సారూ?" అనగానే ఉద్యోగి చెయ్యి జేబులోకి పోవాలి, లేదా నోరు వివరణలోకి పోవాలి.

ఇదంతా మన పల్లెల్లో జరిగే పనేనా అని సందేహించేవాళ్లు ఏదైనా మహిళా సంఘం మీటింగుకు వెళ్లి చూడండి. చాలా సంఘాల్లో ఆలస్యంగా వచ్చినవాళ్లకు, చెప్పకుండా మానేసినవాళ్లకు జరిమానా ఉంటుంది. అయిదో పదో, అది సంఘం నిధిలో పడుతుంది, పుస్తకంలో ఎక్కుతుంది. వేసినవాళ్లు చిన్నబుచ్చుకోరు, తీసుకున్నవాళ్లు ఎగతాళి చేయరు. వీవో, సీసీ, ఏపీఎం, ఎంసీపీ అంటూ పైనుంచి వచ్చిన పొడి అక్షరాల మధ్య కూడా ఆ ఆడవాళ్లు లెక్కను తమ మాటల్లో పెట్టుకున్నారు. "ఈ నెల పొదుపు ఇంత, అప్పు తీసుకున్నది ఫలానా ఆమె, వడ్డీ ఇంత, మిగిలింది ఇంత" అని గట్టిగా చదివి, రానివాళ్లకు కూడా చెప్పి పంపుతారు. డబ్బా లెక్క ఎట్లా చెప్పాలో ఆఫీసర్లు నేర్చుకోవలసింది వాళ్ల దగ్గరే.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. ఊరూరా తిరిగి ఫైళ్లు తెలుగులో నడపమని ఆఫీసర్లను అడిగిన మనిషి ఆయన. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్, జనానికి ఇచ్చే సమాచారం స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని ఇవ్వాలని చెప్తోంది. కాగితం మీద ఇంత ఉన్నా కిటికీ దగ్గర అది అందలేదంటే, అక్కడ చేతికి తగిలే వస్తువు ఏదో ఒకటి కావాలి.

ఇంగ్లండులో ఇట్లాంటి పనే చేసిన ఒక తల్లి ఉంది. పేరు క్రిస్సీ మేహర్. లివర్‌పూల్ పేద కుటుంబంలో పుట్టి, పదిహేనేళ్లు దాటేదాకా చదవడం రాని మనిషి. 1979లో లండన్ పార్లమెంటు ఎదుట ప్రభుత్వ దరఖాస్తు ఫారాలను ముక్కలు ముక్కలుగా కత్తిరించి పోసింది. అక్కడినుంచే సులభ ఇంగ్లీషు ఉద్యమం మొదలైంది. తర్వాత ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు తమ ఫారాలను సరిచేయించుకోవడానికి ఆమె సంస్థ దగ్గరికే వచ్చాయి. మన దగ్గర ఫారాలు చింపక్కర్లేదు. రూపాయి వేస్తే చాలు.

ఒక ప్రశ్న మిగిలింది. ఉద్యోగులు మారిపోయి డబ్బా ఖాళీ అయితే అన్నం సంగతి ఏమిటి? మనిషి తప్పు మీద ఆధారపడ్డ ధర్మం తప్పు ఆగగానే ఆగిపోకూడదు. అందుకు ఆఫీసులో అందరూ ముందే ఒక ఒప్పందం చేసుకోవాలి. ఏ నెల డబ్బాలో తగినంత పడదో, ఆ నెల తలా కొంత వేసి మిగతాది పూరించాలి. అప్పుడది జరిమానా కాదు, చందా. పెళ్లిళ్లలో కట్నాలు మైకులో చదివించినట్టు, ఎవరు ఎంత వేశారో, ఎంతమంది తిన్నారో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. లెక్క కూడా తెలిసే మాటల్లోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

మొదలుపెట్టడానికి రోజు కూడా ఉంది. కవి కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ప్రతి ఏడూ ఆఫీసుల్లో ఫొటోకు దండ వేస్తారు, రెండు ప్రసంగాలు చేస్తారు, స్వీట్లు పంచుతారు. ఈసారి దండ వేసిన చేత్తోనే డబ్బా కూడా బిగించండి. మొదటి రూపాయి ఆ ఆఫీసులో అందరికంటే పెద్ద అధికారి వేయాలి. డబ్బా ఏ కిటికీ దగ్గర పెడితే ఎక్కువ ఉపయోగమో మాత్రం లోపలివాళ్లు తేల్చవద్దు. బయట అరుగు మీద కూర్చున్నవాళ్లను అడగండి, వాళ్లు చూపిస్తారు.